యూదు తండ్రి యార్ట్‌సైట్ ఎలా జరపాలి? చదువునూ చేతిపనినీ ప్రేమించిన మనిషి కోసం

మా మామగారు యూదుడు. పొద్దున కాఫీతోపాటు యూదు ధర్మ చర్చల గ్రంథం తాల్ముద్‌లో ఒక పేజీ, సాయంత్రం గరాజ్‌లో చెక్కపని. ఆయన పోయి ఏడాది కావస్తుంటే నాకు టెన్షన్ పట్టుకుంది. మన ఇళ్లలో తద్దినం అంటే ఏం చేయాలో పురోహితుడు చెబుతారు. ఇక్కడ చాలావరకు పిల్లలే చేసుకోవాలి. మూడేళ్లుగా చేస్తూ నేర్చుకున్నది రాస్తున్నాను. యూదుల ఇంటికి కోడలిగానో అల్లుడిగానో వెళ్లినవాళ్లకు పనికొస్తుంది.

తిథి చూసుకోవడం

పోయిన రోజు ఏటా తిరిగి వస్తే దాన్ని యిద్దిష్ మాటతో యార్ట్‌సైట్ అంటారు. ఇంగ్లిష్ తేదీ కాదు, హీబ్రూ పంచాంగం లెక్క. మనకు ఇది కొత్తేమీ కాదు. వాళ్లవీ చంద్రుణ్ని బట్టి వచ్చే నెలలే, 19 ఏళ్లలో 7 సార్లు అధిక మాసం వస్తుంది. ఒక్కటి మాత్రం జాగ్రత్త: వాళ్ల రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. మామగారు రాత్రి ఎనిమిదింటికి పోయారు, అప్పటికే చీకటి పడింది. అందుకని తర్వాతి హీబ్రూ తేదీ పట్టుకోవాల్సి వచ్చింది. పోయిన సమయం కచ్చితంగా రాసి పెట్టుకోండి. హెబ్‌కాల్ వెబ్‌సైట్‌లో ఆ తేదీ ఇస్తే రాబోయే ఏళ్ల తేదీలు చూపిస్తుంది. అదార్ నెలలో పోయినవాళ్లకు అధిక మాసం వచ్చిన ఏడాది రెండు అదార్‌లలో ఏది అన్నది కుటుంబ ఆచారాన్ని బట్టి ఉంటుంది. యూదు మతగురువు రబ్బీని అడగండి.

దీపం, కద్దీష్

ముందురోజు సూర్యాస్తమయానికి, రోజంతా వెలిగే కొవ్వొత్తి పెట్టాలి. గాజు గ్లాసులోనో రేకు డబ్బాలోనో పోసి అమ్ముతారు. మనిషి ఆత్మ దేవుడి దీపం అని సామెతల గ్రంథంలో (20:27) ఉన్న మాటే దీనికి ఆధారంగా చెబుతారు. మంత్రం ఏమీ లేదు, వెలిగిస్తే చాలు. శుక్రవారం సాయంత్రం వస్తే షబ్బాత్ (శనివారపు విశ్రాంతి దినం) దీపాలకంటే ముందే వెలిగించాలి.

పోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థన కద్దీష్. దాన్ని యూదుల ప్రార్థనా మందిరం సినగాగ్‌లో చెబుతారు. పదిమంది ఉండాలి. ఆర్థడాక్స్, అంటే పాత సంప్రదాయం గట్టిగా పాటించేవాళ్లయితే పదిమంది మగవాళ్లు, కొన్ని శాఖల్లో ఆడవాళ్లనూ లెక్కిస్తారు. వారం ముందే ఫోన్ చేసి జనం వస్తారో లేదో కనుక్కోండి. చాలామటుకు అరమాయిక్ భాషలో ఉండే ఆ ప్రార్థనలో చావు మాటే ఉండదు, ఉన్నదంతా దేవుడి స్తుతి. మొదటి ఏడాది 11 నెలలు చెప్పిన మా ఆయనకు అది నోటికొచ్చు. నేను పక్కన నిలబడి ఆమేన్ అంటాను.

ఆయన కోసం చదవడం

నా మటుకు నాకు ఇదే అసలు భాగం. హీబ్రూలో మిష్నా అనే మాటకూ నెషామా, అంటే ఆత్మ అనే మాటకూ అక్షరాలు అవే నాలుగు. మిష్నా అంటే తాల్ముద్‌కు మూలమైన యూదు ధర్మ సూత్రాల గ్రంథం. అందుకే పోయినవాళ్ల పేరిట దాన్ని చదువుతారు. దానిలో 63 భాగాలున్నాయి, ఏది తీసుకోవాలా అని మొదటి ఏడు చాలా తికమకపడ్డాం. చివరికి కేలీమ్ దొరికింది. కేలీమ్ అంటే పాత్రలు, పనిముట్లు. మిష్నాలో అన్నిటికంటే పొడవైనది, 30 అధ్యాయాలు. యార్ట్‌సైట్‌కు నెల ముందు మొదలుపెట్టి రోజుకొకటి చదివితే ఆ రోజుకు పూర్తవుతుంది. సెఫారియా వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ అనువాదం ఉచితంగా ఉంది.

కష్టమైన గ్రంథమే. మొత్తం చదవలేకపోతే పదమూడో అధ్యాయం ఒక్కటైనా చదవండి. రంపానికి పళ్లు రాలిపోతే అది ఇంకా పనిముట్టేనా, మొన విరిగిన ఉలి సంగతేమిటి అని అక్కడ చర్చిస్తారు. పైకి అది శుద్ధి అశుద్ధుల శాస్త్రం. కానీ రాసినవాళ్లు వడ్రంగి పక్కన కూర్చుని చూసినవాళ్లని తెలిసిపోతుంది. అది చదువుతుంటే గరాజ్‌లో మామగారు రంపం పళ్లను ఆకురాయితో పదును పెట్టే చప్పుడే నా చెవిలో.

పూర్తయ్యాక నలుగురితో కలిసి తినడం ఆచారం. దాన్ని సియూమ్ అంటారు.

చేతిపని

తోరా నేర్పడంతోపాటు ఒక చేతిపని నేర్పడం కూడా తండ్రి బాధ్యతే అంటుంది తాల్ముద్ (కిద్దుషీన్ 29ఏ). నేర్పనివాడు దొంగతనం నేర్పినట్టే అన్నాడు రబ్బీ యెహూదా. పండితుల్లో ఒకరి పేరే రబ్బీ యోహనాన్ హసాండ్లర్, అంటే చెప్పులు కుట్టేవాడు. చదువూ పనీ వేర్వేరు అనుకోని సంప్రదాయం ఇది.

కాబట్టి ఆయన పనిముట్లను షోకేసులో పెట్టకండి. ముందు తుప్పు తుడిచి, కుట్టు మిషన్ నూనె పలచగా పట్టించండి. ఉలిని సానరాయి మీద పట్టండి. ఆ తర్వాత చిన్న వస్తువు ఏదైనా చేయండి. మేము మొదటి ఏడు మెజూజా పెట్టె చేశాం: గుమ్మానికి బిగించే, లోపల తోలు కాగితం మీద చేత్తో రాసిన వాక్యాలుండే చిన్న పెట్టె. వాల్‌నట్ చెక్కను చిత్రిక పట్టి, అవిసె నూనె రాశాం. మూత సరిగ్గా కూర్చోలేదు. మా అబ్బాయి మూడుసార్లు విప్పి మళ్లీ చేశాడు, నాలుగోసారి కూర్చుంది. షబ్బాత్ అయితే ఈ పని వద్దు, ఆదివారానికి వాయిదా వేయండి.

పుస్తకాలు

చిరిగిన ప్రార్థన పుస్తకాలను చెత్తబుట్టలో వేయకూడదు, దేవుడి పేరున్నవి కదా. సినగాగ్‌లో గెనీజా అని వాటికో చోటు ఉంటుంది, తర్వాత పాతిపెడతారు. బాగున్నవి దాచుకోవడం కంటే అరువివ్వడం మంచిది. 12వ శతాబ్దంలో యూదా ఇబ్న్ తిబ్బోన్ అనే వైద్యుడు కొడుకుకు రాసిన ఉత్తరంలో అదే చెప్పాడు: కొనుక్కోలేనివాళ్లకు పుస్తకాలు ఇవ్వు, తిరిగి ఇస్తారని నమ్మకం ఉన్నవాళ్లకే ఇవ్వు. మేము ఇచ్చినవన్నీ ఒక నోటుబుక్కులో రాస్తాం.

సమాధి దగ్గరకు వెళితే పూలు అక్కర్లేదు, ఒక చిన్న రాయి పెట్టి రావాలి.

మర్నాడు సాయంత్రం కొవ్వొత్తి సన్నగిల్లుతుంది. ఊదకండి. దానంతట అదే కొండెక్కేదాకా వంటింటి గట్టు మీదే ఉంచండి.