చందమామను చూసేటప్పుడు లైటు ఆర్పకండి

టెలిస్కోప్ బయట పెట్టగానే ఇంటి లైట్లన్నీ ఆర్పేయడం చాలామందికి అలవాటు. మసక నెబ్యులాలకైతే (ఆకాశంలోని వాయు, ధూళి మేఘాలకైతే) సరే, చంద్రుడికి మాత్రం అది అడ్డమే. 20, 30 నిమిషాలు చీకట్లో ఉంటే కంట్లోని కడ్డీ కణాలు పదునెక్కుతాయి. మసక వెలుగు పట్టడమే వాటి పని, సన్నటి వివరం వాటికి చేతకాదు. ఆ కంటితో ఐపీస్‌లోకి (టెలిస్కోప్‌లో కన్ను పెట్టే కటకంలోకి) చూస్తే చూపు జిగేల్‌మంటుంది, నీళ్లు కారతాయి. కంటికి దెబ్బేమీ ఉండదు గానీ గీతలు దొరకవు. వివరం పట్టేవి శంకు కణాలు. అవి బాగా పనిచేయాలంటే చుట్టూ కాస్త వెలుతురుండాలి.

ఎంత వెలుతురు? పంచాంగంలో తిథి కండ్లు చిట్లించకుండా చదవగలిగితే చాలు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బును పొట్టి స్టూలు మీద, మీ వెనకాల, సున్నం గోడ వైపు తిప్పి పెట్టండి. గోడ మీంచి తిరిగొచ్చే వెలుతురే వాడుకోవాలి. బల్బు టెలిస్కోప్ ట్యూబు మూతికన్నా కిందే ఉండాలి. లేదంటే న్యూటోనియన్‌లో (అద్దాలతో పనిచేసే టెలిస్కోప్‌లో) ఐపీస్ బిగించే ఫోకసర్‌కు ఎదురుగా ఉన్న లోపలి గోడ మెరిసి, చంద్రుడి మీది నల్లటి నీడలు బూడిద రంగుకు తిరుగుతాయి. నల్ల చార్టు పేపరును గొట్టంలా చుట్టి, ట్యూబు వెడల్పంత పొడవు బయటికి వచ్చేలా మూతికి తొడిగితే ఇది చాలావరకు తగ్గుతుంది.

తర్వాత ఐపీస్ అద్దాన్ని జానెడు దూరం నుంచి చూడండి. అందులో బల్బు చుక్కలా మెరిస్తే, మీ తల నీడ అద్దం మీద పడేదాకా స్టూలు జరపండి.

వెలుతురుకు కంటిపాప కుంచించుకుపోయి బొమ్మ మసకబారుతుందేమోనన్న భయం అక్కర్లేదు. 150 మి.మీ. అద్దానికి 120 రెట్లు పెడితే ఐపీస్ నుంచి వచ్చే వెలుగు కట్ట 1.25 మి.మీ. మాత్రమే. పాప ఎంత ముడుచుకున్నా అంతకన్నా పెద్దదే.

నల్లగొండ, పాలమూరు ఎండలకు కాగిన స్లాబు పొద్దుగూకినా సెగలు కక్కుతూనే ఉంటుంది, బొమ్మ మరిగే నీళ్లలా కదులుతుంది. టెలిస్కోప్ పెట్టడానికి మట్టి వాకిలే మేలు. వానలు పడ్డాక ఉసిళ్లు మూగుతాయి కాబట్టి బల్బును ఇంకో రెండు గజాలు వెనక్కి జరపండి.

శుద్ధ అష్టమి, నవమి నాడు చంద్రుడి మీది స్ట్రెయిట్ వాల్ అనే కొండ అంచు చూడండి. దాదాపు 110 కి.మీ. పొడవున నల్లటి గీతలా ఉంటుంది. దశమికి 93 కి.మీ. కోపర్నికస్ గుంత తెల్లారుతుంది. తదియ, చవితి నెలవంకలో భూమి వెలుగు పడ్డ చీకటి భాగం చూడాలంటే మాత్రం లైటు ఆర్పాల్సిందే.