ఇంగ్లీషులో ‘నాట్’ క్రియ వెనకాల పెట్టొచ్చా? పర్లాకిమిడి, రాయగడ వైపు మన పిల్లలకి ఎలా నేర్పాలి

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో పిల్లలకి ట్యూషన్ చెప్పేవాళ్ళకి ఇది రోజూ ఎదురయ్యేదే. ‘నేను వెళ్ళను’ అని ఇంగ్లీషులో చెప్పరా అంటే గుంటడు ఠక్కున ‘ఐ గో నాట్’ అంటాడు. ఎందుకంటే ఇంట్లో తెలుగు, బళ్ళో వీధిలో ఒడియా, రెండిట్లోనూ కాదనే ముక్క వెనకాలే వస్తుంది కదా. మనకి వెళ్ళను, వెళ్ళలేదు, వెళ్ళొద్దు అని క్రియ చివర్లోనే అతుక్కుని ఉంటుంది, ఒడియాలో ‘ము జిబి నాహిఁ’ అంటారు, జిబి అంటే వెళ్తాను, నాహిఁ దాని వెనక. రెండు భాషలూ ఒకటే దారి చూపిస్తుంటే వాడు మూడోదాన్లో కూడా అదే దారి పట్టాడు, అందులో వాడి తప్పేం లేదు, కాబట్టి మొట్టికాయ వేయకండి దయచేసి.

ఇంకో సంగతి, ఒకప్పుడు ఇంగ్లీషువాళ్ళు కూడా అచ్చం అలాగే మాట్లాడేవాళ్ళు. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో ‘నె’ అనే చిన్న ముక్క క్రియకి ముందుండేది, అది మరీ చిన్నదైపోయి బలం చాలక వెనకాల ‘ఏమీ లేదు’ అనే అర్థమున్న ఇంకో మాట తగిలించడం మొదలెట్టారు, ఆ మాటే అరిగి అరిగి ఇప్పటి ‘నాట్’ అయింది, తర్వాత ముందున్న ‘నె’ మెల్లగా రాలిపోయింది. 15వ శతాబ్దానికి ‘ఐ సే నాట్’ అంటే మామూలు ఇంగ్లీషే. 16, 17 శతాబ్దాల్లో ‘డూ’ వచ్చి మధ్యలో దూరింది, ‘ఐ డూ నాట్ సే’ అయింది. ‘నో’, అదే తెలుసు అనే క్రియ, ‘డౌట్’, ‘కేర్’ లాంటి కొన్ని మాత్రం చాన్నాళ్ళు డూని దగ్గరికి రానివ్వలేదు, అందుకే పాత పద్యాల్లో ‘ఐ నో నాట్’ అని అంతలా కనిపిస్తుంది. కాదనే మాట ఇలా ముందు నుంచి వెనక్కి జరగడం చాలా భాషల్లో జరిగిందని డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1917లోనే రాశాడు, ఇప్పుడు దాన్ని యెస్పర్సన్ చక్రం అనే అంటారు.

అంటే ‘ఐ గో నాట్’ అనేది ఇంగ్లీషు గ్రాంథికం అన్నమాట. ఈ మాట పర్లాకిమిడి వాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు, వాడుక భాష కోసం అంత పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఈ ఊరి రాజావారి బళ్ళోనే కదా పాఠాలు చెప్పింది. ‘భయపడకుము’ అని తెలుగు బైబిల్లో చదువుతాం, కానీ పిల్లాడు చీకట్లో జడుసుకుంటే ‘భయపడకురా’ అంటాం. ‘ఫియర్ నాట్’కీ ‘డోంట్ బి అఫ్రెయిడ్’కీ తేడా సరిగ్గా అంతే. 1611 కింగ్ జేమ్స్ బైబిల్లో ‘జడ్జ్ నాట్’ ఉంది, 1961 జనవరి 20న అమెరికా అధ్యక్షుడు కెనెడీ ప్రమాణ స్వీకార ప్రసంగంలో ‘ఆస్క్ నాట్’ అన్నాడు, అది సభ కాబట్టి ఆ గాంభీర్యం కావాలనే తెచ్చుకున్నాడు. సెలవు చీటీలో రాసేది కాదు.

సరే, నేర్పడం ఎలాగంటే, ‘డూ పెట్టు, డజ్ పెట్టు, డిడ్ పెట్టు’ అని బట్టీ వేయిస్తే వాడు ‘డిడ్ నాట్ వెంట్’ అని రాస్తాడు, రాయకుండా ఉండడు. దానికన్నా క్రియని విడగొట్టి చూపించండి. బోర్డు మీద ‘వెంట్’ అని రాసి, దీని లోపల ఇద్దరున్నారు రా, ‘డిడ్’ ఒకడు ‘గో’ ఒకడు అని రెండు ముక్కలు చేయండి. ‘గోస్’ని విడగొడితే ‘డజ్’, ‘గో’. ‘గో’ని విడగొడితే ‘డూ’, ‘గో’. ఇప్పుడు ఆ రెండు ముక్కల మధ్యలో నాట్ పెట్టమనండి. డిడ్ నాట్ గో. జరిగిపోయింది అనే కాలం మొత్తం డిడ్ పట్టుకెళ్ళిపోయింది, గో దగ్గర ఇంకేం మిగల్లేదు, కాబట్టి మళ్ళీ వెంట్ అని రాయడానికి దారే లేదు. ఈట్స్, కేమ్, సా, బాట్ ఇలా ఏది ఇచ్చినా ముందు విడగొట్టించండి, నాట్ సంగతి తర్వాత. కొన్నాళ్ళు పలక మీద ఇదే పని చేయిస్తే చాలు, ప్రశ్నలు వేయడం కూడా దీంతోనే వచ్చేస్తుంది, డిడ్‌ని ముందుకి లాగితే ప్రశ్నే కదా.

విడగొట్టక్కర్లేనివి ఈజ్, యామ్, ఆర్, వాజ్, వర్, ఇంకా కెన్, విల్, షుడ్, మస్ట్ లాంటివి. వీటి వెనకాలే నాట్ వస్తుంది, ఇక్కడ మాత్రం మనవాడి అలవాటే కరెక్టు.

ఇప్పుడు అసలైన చోటుకి వద్దాం, ఎందుకంటే ఇక్కడ నాట్ మామూలు క్రియ పక్కనే కూర్చుంటుంది, గ్రాంథికం కూడా కాదు, ఇవాళ్టి ఇంగ్లీషే. పాతపట్నంలో పెళ్ళి ఉందనుకోండి, మావయ్య గురించి రెండు వాక్యాలు. ‘హి టోల్డ్ మి నాట్ టు కమ్’. ‘హి డిడ్ నాట్ టెల్ మి టు కమ్’. మొదటిది పెళ్ళికి రావద్దన్నాడు, రెండోది పెళ్ళికి రమ్మనలేదు. రమ్మనకపోతే మర్చిపోయుంటాడులే అని సర్దుకుంటాం, రావద్దంటే మాత్రం ఇంక రెండిళ్ళ మధ్య మాటలుండవు. ఇంత తేడాని ఇంగ్లీషు ఒక్క నాట్‌ని జరిపి చూపిస్తుంది. మొదటి దాంట్లో నాట్ ‘టోల్డ్ మి’ పక్కన ఉన్నా అది టోల్డ్‌ది కాదు, వెనకున్న ‘టు కమ్’ది. చెప్పడం జరిగింది, ఏం చెప్పాడంటే రావద్దని. ‘డిసైడెడ్ నాట్ టు గో’, ‘ట్రై నాట్ టు బి లేట్’ అన్నీ ఈ కుటుంబమే. పిల్లలకి ముందు తెలుగులో అడగండి, వద్దన్నాడా, అనలేదా? వాళ్ళు అది చెప్పేశాక ఇంగ్లీషు దానంతటదే కుదురుతుంది. నన్నడిగితే ఈ ఒక్క జతకి ఒక రోజు మొత్తం ఇవ్వాలి.

రెండోది ‘ఐ హోప్ నాట్’. గుణుపురం బస్సు వెళ్ళిపోయిందా అని ఎవరో అడిగారు, వెళ్ళకూడదనే కోరుకుంటున్నా అని చెప్పడానికి ‘ఐ హోప్ నాట్’ అంటే సరిపోతుంది, ఇక్కడ నాట్ ఒక్కటే మొత్తం వాక్యం పని చేస్తోంది. ‘ఐ డోంట్ హోప్ సో’ అనకూడదు. కానీ ‘థింక్’కి వచ్చేసరికి తిరగబడుతుంది, మామూలుగా ‘ఐ డోంట్ థింక్ సో’ అంటారు, ‘ఐ థింక్ నాట్’ అంటే కాస్త బిగుసుకున్నట్టు ఉంటుంది.

ఇది కాదు అది అని చెప్పేటప్పుడు ‘వి స్పీక్ నాట్ ఒడియా బట్ తెలుగు ఎట్ హోమ్’ లాంటివి వ్యాసాల్లో కనిపిస్తాయి. రాతలో ఓకే. మాటల్లో మాత్రం ‘వి డోంట్ స్పీక్ ఒడియా ఎట్ హోమ్, వి స్పీక్ తెలుగు’ అనేయడమే హాయి.

పాత పద్యం పాఠంలో వస్తే పిల్లలు ఇంకోటి అడుగుతారు, నాట్ ఒక్కోసారి క్రియకి ఆనుకుని లేదేంటి అని. దీనికి అత్తిపత్తి మొక్క చూపించండి, వానలు పడ్డాక గట్ల మీద ఉంటుంది, ముట్టుకుంటే ఆకులు ముడుచుకుంటుంది, ఇంగ్లీషులో దాని పేరు ‘టచ్ మి నాట్’. పాత ఇంగ్లీషు వాక్యం ఒకటి అలాగే మొక్క పేరై మిగిలిపోయింది. మి, హిమ్, ఇట్ లాంటి చిన్న సర్వనామాలు ఉంటే అవి మామూలుగా క్రియకీ నాట్‌కీ మధ్యలోకి వచ్చేవి, ‘ఐ నో హిమ్ నాట్’ అన్నట్టు. అదే నామవాచకమైతే నాట్ తర్వాతకి వెళ్ళేది, ‘ఐ నో నాట్ ద మ్యాన్’. ఇది చదివి అర్థం చేసుకుంటే చాలు, వాళ్ళ చేత రాయించక్కర్లేదు.

చివర్లో ‘నీడ్’ ఒకటుంది, పెద్దవాళ్ళు కూడా ఇక్కడే తడబడతారు. ‘యు నీడ్ నాట్ కమ్’ అనొచ్చు, ‘యు డోంట్ నీడ్ టు కమ్’ అనొచ్చు, రెండూ నువ్వు రానక్కర్లేదు అనే. రెండూ కలిపేసి ‘యు నీడ్ నాట్ టు కమ్’ అని మాత్రం రాయనివ్వకండి.