ఆటలో మాట వినబడేలా సంగీతం సర్దుకోవడం

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి కథ ఆడే రోల్‌ప్లే ఆటలో, కథ చెబుతూ ఆట నడిపేవారి గొంతు వెనక మోగే సంగీతంలో కలిసిపోతోందంటే తప్పు ఒక్క వాల్యూమ్‌ది కాదు. హల్లుల స్పష్టత ఎక్కువగా 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉంటుంది, వయొలిన్ల పదును కూడా అక్కడే. ఈక్వలైజర్‌లో (ధ్వనిలో ఒక్కో భాగాన్ని విడిగా పెంచి తగ్గించే అమరిక) ఆ భాగాన్ని 4 డెసిబెల్స్ తగ్గించి, స్పీకర్‌ని బల్ల మీద నుంచి తీసి గోడవైపు పెడితే సర్దుకుంది. మామూలుగా మాట్లాడినా బల్ల అవతలివారికి వినబడాలి, అదే కొలత.

సాహిత్యం ఉన్న పాటలు వద్దే వద్దు, చెవి ఆ మాటల వెంటే పోతుంది. కథలో ప్రయాణం, ఉత్కంఠ, పోరు: ఈ మూడు సన్నివేశాలకు మూడు సంగీత జాబితాలు చాలు. పోరు ఒక్కోసారి గంట దాకా సాగుతుంది. మూడు నిమిషాల ట్రాక్ ఒక్కటే తిప్పితే విసుగొస్తుంది, కనీసం ఆరేడు ఉంచుకోండి. క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాక్ తగ్గుతుండగా తర్వాతది మెల్లగా మొదలవడం) 6 సెకన్లు పెట్టుకోండి. ఫైళ్లు ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే మధ్యలో ప్రకటనలు రావు.