పాత మిలిటరీ ట్రక్కు మీద యుద్ధకాలపు గుర్తులు తిరిగి రాయడం ఎలా?

బండి పని అయిపోయిందని తెలియగానే వచ్చినవాళ్లంతా అడిగే మాట ఒకటే: "బానెట్ మీద తెల్ల నక్షత్రం ఎప్పుడు వేస్తావన్నా?" రేణిగుంట రోడ్డు పక్కన షెడ్డులో మేం నాలుగేళ్లు పడి లేపిన ఫోర్డు ట్రక్కు మీద నక్షత్రం లేదు. ఉండకూడదు కూడా. అది ఎందుకో తెలిస్తే ఈ పనిలో సగం తెలిసినట్టే.

రెండో ప్రపంచ యుద్ధంలో బండి మీద రాసిన ప్రతి గుర్తునూ చదివేవాడు ఒకడుండేవాడు. నాలుగు రోడ్ల కూడలిలో నిలబడ్డ మిలిటరీ పోలీసు, వంతెన దగ్గర కాపలావాడు, రాత్రిపూట వెనక బండి తోలే డ్రైవరు. ఎవరు, ఎంత దూరం నుంచి, ఎందుకు చదవాలో దాన్ని బట్టే గుర్తు చోటూ కొలతా రంగూ తేలేవి. బోనెట్‌కు అందంగా ఉంటుందని వేసిందేదీ లేదు.

ముందు బండికి ఒక చోటు, ఒక ఏడాది ఖాయం చేసుకోండి

పెయింటు డబ్బా తెరిచే ముందే ఇది తేలిపోవాలి. మీ బండి ఏ సంవత్సరంలో, ఏ దేశంలో, ఏ దళంలో ఉన్నట్టు చూపించబోతున్నారు? తెల్ల నక్షత్రాన్ని అమెరికా సైన్యం 1942 ఆగస్టులో తన బండ్లకు నియమంగా పెట్టింది. నక్షత్రం చుట్టూ వలయం 1943లో సిసిలీ దండయాత్ర నాటిది. 1944 జూన్‌లో నార్మండీలో దిగేటప్పటికి బ్రిటిష్ బండ్లు కూడా దాన్నే మిత్రపక్షాల గుర్తుగా వేసుకున్నాయి. మాలాంటి 1941 నాటి లిబియా ఎడారి బండి మీద ఆ నక్షత్రం వేస్తే ఇంకా జరగని దాన్ని రాసినట్టు అవుతుంది.

మేం అప్పటి బ్రిటిష్ ఇండియా సైన్యంలోని 4వ ఇండియన్ డివిజన్‌ను ఎంచుకున్నాం. ఎర్ర గద్ద దాని గుర్తు. 1940 డిసెంబరులో ఈజిప్టులోని సిడి బరానీ దగ్గర, 1941లో ఎరిత్రియాలోని కెరెన్ కొండల్లో, 1943లో ట్యునీషియాలో, 1944లో ఇటలీలోని కసీనో దగ్గర పోరాడిన డివిజన్ అది. అందులో మద్రాస్ సాపర్ల, అంటే సైన్యానికి వంతెనలు, రోడ్లు కట్టే ఇంజనీర్ల, 12వ ఫీల్డ్ కంపెనీ ఉండేది. మన ప్రాంతం అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని చిత్తూరు జిల్లాలోదే. ఇక్కడి నుంచి బెంగళూరు వెళ్లి సాపర్లలో చేరినవాళ్లున్నారు. మా నాయన చిన్నతనంలో వీధి చివర ఒకాయన్ని అందరూ 'సాపరు తాత' అనే పిలిచేవాళ్లట. ఆయన ఏ కంపెనీలో పనిచేశాడో అడిగి రాసి పెట్టుకున్నవాళ్లు లేరు. నా మనసు ఆ కంపెనీ మీద పడడానికి అదే కారణం.

ఎడారి బండిని ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బండ్లకు తప్ప వేరే ఏ బండికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. పాత జీపు కొనగానే ఆ రంగు వేయించి రోడ్డెక్కేవాళ్లు ఇది తెలుసుకోవాలి. ఇసుక రంగుకు ఆ చిక్కు లేదు. ఏ రంగైనా ముందు రవాణా శాఖ కార్యాలయంలో మాట్లాడి, రిజిస్ట్రేషను పత్రంలో రంగు మార్పు రాయించుకున్నాకే వేయండి. అలాగే నేటి మన సైన్యపు బండ్ల నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తు, దాని వెంట ఏడాది అంకెలు ఉంటాయి. దాన్ని పోలినదేదీ రాయకండి. మీ మామూలు నంబరు ప్లేటు దాని చోట అది ఉండాల్సిందే.

రుద్దే ముందు వెతకండి

ఈ పనిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. టింకరింగుకు ఇచ్చిన రోజే గ్రైండరు పెట్టి ఇనుము తేలేదాకా గీకేస్తారు. ఆ పొరల్లోనే బండి చరిత్ర ఉంటుంది. ఒకసారి పోతే మళ్లీ రాదు.

తలుపుల బయటి వైపు, బానెట్ పక్కలు, వెనక డాలా, ముందు బంపరు, మడ్‌గార్డుల పైభాగం, ఈ చోట్లను గ్రైండరు దగ్గరికి పోనివ్వకండి. రాత్రిపూట దీపాలార్పి, టార్చిని రేకుకు ఆనించి పక్కవాటుగా వెలుగు పారించి చూడండి. కింద అక్షరముంటే దాని అంచు సన్నని గట్టులాగా నీడ పడుతుంది. అక్కడ 800 నంబరు ఎమరీ పేపరును నీళ్లలో తడిపి, రెండు వేళ్లతో, గుండ్రంగా, మెల్లగా రుద్దండి. పొర మారిన ప్రతిసారీ ఆపి తుడిచి ఫొటో తీయండి. చెట్టు మొద్దులో వలయాల్లాగా రంగులు ఒకదాని లోపల ఒకటి కనబడతాయి.

మా బండి ఎడమ తలుపు మీద పైన లారీ నీలం, దాని కింద గోధుమ, ఆ కింద ఆకుపచ్చ, దాని కింద ఇసుక రంగు, అన్నిటికీ అడుగున ఫ్యాక్టరీ ఆకుపచ్చ వచ్చాయి. ఇసుక పొర మధ్యలో ఒక దీర్ఘచతురస్రం మాత్రం ఫ్యాక్టరీ ఆకుపచ్చలోనే మిగిలి ఉంది. దాని మీద తెల్లగా జడ్ అనే ఇంగ్లిషు అక్షరం, నాలుగు అంకెలు. ఎడారికి చేరాక బండికి ఇసుక రంగు వేసినవాడు నంబరు చెరిగిపోకుండా దాని చుట్టూ వదిలేసి వేశాడన్నమాట. అప్పటి ఫొటోల్లో ఇలాంటి చతురస్రాలు చాలా కనిపిస్తాయి. దాన్ని చూసిన రోజు మేం ఇంకే పనీ చేయలేదు.

ఆ అక్షరం సంగతి చెప్పాలి. మనకు సరుకు మోసేదేదైనా లారీనే. బ్రిటిష్ సైన్యపు లెక్కలో మాత్రం ట్రక్కు వేరు, లారీ వేరు. ఒక టన్ను దాకా మోసేది ట్రక్కు, దాని నంబరుకు ముందు జడ్. అంతకు మించి మోసేది లారీ, దానికి ఎల్. కార్లకు ఎం, జీపులు కూడా ఇందులోకే వస్తాయి. మోటారు సైకిలుకు సి, అంబులెన్సుకు ఏ, ట్యాంకుకు టి. పదిహేను హండ్రెడ్‌వెయిట్లు, అంటే దాదాపు 760 కిలోలు మోసే మా ఫోర్డు ట్రక్కే కాబట్టి జడ్ సరిపోయింది. మూడు టన్నుల బండి మీద జడ్ రాసి తిప్పితే తెలిసినవాళ్లు దూరం నుంచే పట్టేస్తారు.

దొరకని అంకెలను మేం ఊహించి రాయలేదు. ఎడమ తలుపు మీది పాత రాతను అలాగే ఉంచి పైన మెరుపు లేని క్లియర్ కోటు కొట్టాం. కుడి తలుపు మీద తెలిసిన అంకెలే రాసి, తక్కిన చోటు ఖాళీగా వదిలాం.

ఫొటో చదవడం

లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం తన ఫొటోలను ఇంటర్నెట్‌లో పెట్టింది. డివిజన్ పేరు, ఏడాది ఇచ్చి వెతకండి. ఇంకో మ్యూజియంలో ఎవరో బాగుచేసి పెట్టిన బండిని చూసి నకలు తీయవద్దు, వాళ్ల తప్పు మీ బండి మీదికి వస్తుంది.

నలుపు తెలుపు ఫొటోలో రంగులు మోసం చేస్తాయి. ఎరుపు వెలుగును పట్టుకోలేని ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము మీద ఎరుపు దాదాపు నల్లగా, నీలం పాలిపోయి పడుతుంది. ఫిరంగి దళానికి పైన ఎరుపు, కింద నీలం ఉన్న చతురస్రం గుర్తు. అది ఫొటోలో పైన నలుపు, కింద తెలుపులా కనిపించవచ్చు. అందుకే రంగును ఫొటో నుంచి కాక నియమాల నుంచి తీసుకోండి. చోటూ కొలతా మాత్రం ఫొటో నుంచి తీసుకోండి. ఇంజనీర్లకు కోబాల్టు నీలం చతురస్రం, సందేశాలు పంపే సిగ్నల్స్ దళానికి పైన తెలుపు, కింద నీలం.

కొలత తీయడానికి సులువైన దారి ఉంది. మా బండి చక్రపు రిమ్ము 16 అంగుళాలు. పక్కనుంచి తీసిన ఫొటోలో రిమ్ము 32 మిల్లీమీటర్లు, గుర్తు 18 మిల్లీమీటర్లు ఉంటే, గుర్తు అసలు కొలత 9 అంగుళాలు. రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉండాలి. ముందు నుంచి తీసిన ఫొటో అయితే రిమ్ముకు బదులు హెడ్‌లైటు వ్యాసాన్ని మీ బండి మీదే కొలిచి వాడండి.

ఏవేవి రాయాలి

తలుపు మీద లెక్క నంబరు, అంటే మా బండికి జడ్‌తో మొదలయ్యే ఆ సైన్యపు నంబరు. ముందూ వెనకా డివిజన్ గుర్తు, దళపు చతురస్రం. చతురస్రం లోపలి అంకె ఏ యూనిట్‌దో చెబుతుంది, కాబట్టి సాక్ష్యం దొరికితేనే రాయండి. చక్రాల పైన మడ్‌గార్డు మీద టైరు గాలి: టి.పి. అని రాసి పక్కన అంకె.

ముందు వైపు పసుపు బిళ్ల మీద నల్ల అంకె ఉంటుంది, అది వంతెన తరగతి. సాపర్లు తాము కట్టిన వంతెన దగ్గర ఒక అంకె పెట్టేవాళ్లు. బండి అంకె దానికి మించితే దాటనివ్వరు. స్వర్ణముఖి మీద చిన్న వంతెన దగ్గర బరువు హద్దు బోర్డు చూసి మన లారీ డ్రైవరు ఆగడంలాంటిదే. సాపర్ల బండికి ఆ బిళ్ల నాకు అన్నిటికన్నా ఇష్టమైన గుర్తు.

వెనక ఇరుసు మధ్య ఉండే డిఫరెన్షియల్ గుండుకు తెల్ల రంగు. రాత్రి లైట్లు లేకుండా వరుసగా పోయేటప్పుడు, కింద పెట్టిన చిన్న దీపం వెలుగు ఆ తెలుపు మీద పడితే వెనక డ్రైవరు దాన్నే చూసుకుంటూ నడిపేవాడు. దీన్ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

రాయడం

స్టిక్కరు వద్దు. కంప్యూటరు అక్షరాలు అసలే వద్దు. ఆ రాతలు కుంచెతో, యూనిట్‌లో చేయి తిరిగిన వాడెవడో రాసినవి. తిరుపతిలో లారీలకు, షాపు బోర్డులకు చేత్తో రాసే పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లను పిలవండి. మాకు రాసిపెట్టిన పెద్దాయన మొదట ఒప్పుకోలేదు. "నీడా లేకుండా, పూలూ లేకుండా ఉత్త అచ్చరాలేనా సామీ? నా పేరు పోతాది" అన్నాడు. ఫొటోలన్నీ ముందు పరిచాం. చాలాసేపు చూసి, "ఎండలో నిలబడి, తొందర తొందరగా రాసినాడప్పా వీడు" అన్నాడు. ఆ తర్వాత ఆయనకు ఏమీ చెప్పాల్సిన పని పడలేదు.

అడుగు రంగు పూర్తిగా ఎండాక, రాసే చోటును 400 నంబరు పేపరుతో కాస్త గరుకు చేయండి. సుద్ద పూసిన నూలుదారం లాగి కొట్టి గీతలు వేసుకోండి. లెక్క నంబరు మూడున్నర అంగుళాల ఎత్తు. పెయింటు మెరుపు లేనిదై ఉండాలి, ఎనామెలే వాడితే మ్యాట్ పేస్టు కలపండి. డబ్బాలోని తెలుపు కళ్లు చెదిరేలా ఉంటుంది, చుక్క పసుపు, చిటికెడు నలుపు కలిపితే దారికొస్తుంది. గుండ్రటి బిళ్లకు మేకు, దారం చాలు.

పని పొద్దున ఆరు నుంచి తొమ్మిది లోపే. ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్లో పది దాటితే రేకు చెయ్యి పెట్టనివ్వదు, కుంచె లాగుతుండగానే పెయింటు ఎండి చారలు పడతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల తేమకు మ్యాట్ రంగు పాలిపోయినట్టు మచ్చలు కడుతుంది. జనవరి, ఫిబ్రవరి మేలు.

పాతగా కనబడాలని తుప్పు రంగు చల్లడం, తూటా రంధ్రాలు వేయడం చేయకండి. ఆ బండిని నడిపినవాళ్లు దాన్ని శుభ్రంగా ఉంచుకున్నారు. రెండు వేసవులు బయట పెడితే తిరుపతి ఎండే దాని పని అది చేస్తుంది.

చివరగా ఒక నోటు పుస్తకం. ఏ గుర్తు బండి మీదే దొరికింది, ఏది ఫొటో చూసి రాసింది, ఏది నియమాన్ని బట్టి వేసింది, తేదీలతో రాసి, పొరల ఫొటోలు అంటించి, పాలిథిన్ కవరులో పెట్టి డ్రైవరు సీటు కింద ఉంచండి.