గోల్ఫ్ నేర్పుదాం – 5: తల లేపకు అనే మాట మానేద్దాం

పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫోన్లన్నింటిలో దాదాపు ఒకే ఇబ్బంది. అందుకే ఈసారి మొదలుపెట్టాల్సిన, దగ్గరి నుంచి గుంత వైపు బంతిని చిన్నగా లేపి కొట్టే చిప్పింగ్‌ను పక్కన పెట్టి, ముందు దాని సంగతి చూద్దాం.

కొందరికి చూస్తే పట్టుబడుతుంది, కొందరికి చెప్తే, కొందరికి చేతితో చేస్తేగానీ ఎక్కదు అని పోయిన పాఠంలో రాశాను. ఎవరికి ఏది పనిచేస్తుందో గమనించమన్నాను. చాలామంది నోటుబుక్కులో పిల్లల పేర్లు రాసి, ఎదురుగా రకం రాసేశారు. పరకాల వైపు ఒక పీఈటీ సార్ పిల్లల్ని మూడు వరుసల్లో నిలబెట్టారు. ఒక వరుసకు వీడియోలు, ఒక వరుసకు మాటలు, ఇంకో వరుసకు క్లబ్బు, అంటే గోల్ఫ్ కర్ర. పదిహేను రోజులైనా మాటల వరుసలో ఒక్కరికీ బంతి సరిగా తగల్లేదు. ఎట్లా తగులుతుంది? ఆ పిల్లల చేతికి క్లబ్బు వచ్చిందే తక్కువ. కరీంనగర్ నుంచి ఒక తల్లి, "మా బిడ్డ చూసి నేర్చుకునే రకం సార్, అందుకే నేనేం చెప్తలేను" అన్నారు. ఆ అమ్మాయికి స్వింగు (క్లబ్బును ఊపడం) చివర నిలబడే పోజు అచ్చం టీవీలోలాగే వచ్చింది. బంతి మాత్రం కదలడం లేదు.

ఇందులో నా పొరపాటు ఉంది. ఆ మూడూ మనుషుల్లో రకాలన్నట్టు అర్థమయ్యేలా రాశాను. 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించి, మనిషి రకాన్ని బట్టి బోధన మారిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. గ్రౌండులో నేను చూసేదీ అదే. పొద్దున, బంతిని గుంతలోకి దొర్లించే పటింగ్‌ను కళ్ళతో పట్టుకున్న పిల్లవాడికే సాయంత్రం స్వింగు వేగం చెవితోనే వస్తుంది. ఒకే సంగతిని చెప్పడానికి మూడు తలుపులున్నాయనుకోండి. ఒకటి తెరుచుకోకపోతే రెండోది తట్టాలి. పిల్లవాడిని మాత్రం ఏ తలుపు ముందూ కట్టేయకూడదు.

మన దేశపు గోల్ఫ్ క్రీడాకారిణి దీక్షా డాగర్ పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న అమ్మాయి. ఎడమచేతి వాటం. తండ్రి దగ్గరే ఆట నేర్చుకుంది. బధిర క్రీడాకారుల కోసం జరిగే 2017 డెఫ్లింపిక్స్‌లో రజతం, 2022లో బ్రెజిల్‌లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది. మధ్యలో 2019లో దక్షిణాఫ్రికా మహిళల ఓపెన్ కూడా ఆమెదే. మాటే పాఠమనుకునే మనలాంటి వాళ్ళం ఈ అమ్మాయిని గుర్తుపెట్టుకోవాలి.

వేగం గురించి ఒక్క మాట చెప్పి అసలు విషయానికి వస్తాను. క్లబ్బు వెనక్కి వెళ్ళడానికి పట్టే సమయం, కిందికి దిగడానికి పట్టే సమయానికి సుమారు మూడింతలు. మా చెల్లెలికి ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కలేదు. "బతుకమ్మ ఆడేటప్పుడు మూడు అడుగులు వేసి చప్పట్లు కొడుతున్నట్టు అనుకో" అన్నాను. ఒకటి, రెండు, మూడు, చప్పట్లు. పది నిమిషాల్లో కుదిరింది.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే మాట. బంతి పైభాగానికి తగిలి నేలమీద దొర్లిపోగానే పక్కనున్న ప్రతివాళ్ళూ ఒకటే అంటారు: "తల లేపినవ్!" నాన్న అంటాడు, సార్ అంటాడు, నిన్న నేర్చుకోవడం మొదలుపెట్టినవాడూ అంటాడు. పోయిన పాఠం తర్వాత వచ్చిన ఫోన్లలోనూ ఇదే వినిపించింది. మాటలతో చెప్పేవాళ్ళు తల లేపకు అన్నారు, వీడియో చూపేవాళ్ళు ఆపి తలను చూపించారు, చేత్తో నేర్పేవాళ్ళు నెత్తి మీద చెయ్యి పెట్టి నొక్కారు. మూడు తలుపుల్లోంచీ ఒకే తప్పు లోపలికి పంపారు.

తల వంచి గడ్డం ఛాతీకి ఆనిస్తే భుజం తిరగడానికి చోటుండదు. బరువు వెనక కాలి మీదే ఉండిపోతుంది. అప్పుడు క్లబ్బు బంతికి వెనకాలే కిందికి తాకి, బంతి దగ్గరికి వచ్చేసరికి పైకి లేస్తుంటుంది. బంతి నెత్తిన తగులుతుంది. మళ్ళీ మనం తల లేపావంటాం, వాడు ఇంకా వంచుతాడు. స్వీడన్ గోల్ఫ్ క్రీడాకారిణి ఆనికా సొరెన్‌స్టామ్ బంతిని తాకేలోపే తల గురివైపు తిప్పేది. గోల్ఫ్‌లో అన్నిటికంటే పెద్ద పోటీలైన మేజర్లు పది గెలిచింది.

అసలు కారణం సాధారణంగా వేరే ఉంటుంది. బంతిని గాల్లోకి లేపాలని పిల్లలు చేతులు ముడిచి పైకి ఎత్తుతారు. చిర్రగోనె (బిళ్ళంగోడు) ఆడిన చేతులకు ఆ అలవాటు మరీ ఎక్కువ, ముందు చిర్రను లేపి తర్వాత కొట్టాలి కదా. గోల్ఫ్‌లో లేపే పని క్లబ్బుది. సెవెన్ ఐరన్ అనే క్లబ్బు ముఖం 30 డిగ్రీలు అటూఇటూగా వెనక్కి వాలి ఉంటుంది. మనం కిందికి కొడితే చాలు, ఆ వాలే బంతిని లేపుతుంది.

హనుమకొండలో మేం ఆడుకునే ఖాళీ జాగాలో రెండు గంపల ఇసుక పోసి తడిపి చదును చేశాం. దాని మీద ముగ్గుతో అడ్డంగా ఒక గీత గీశాం. బంతి లేదు, దాని చోట ఆ గీతే. ముందరి కాలి వైపే గురి. ఎనిమిదో తరగతి పిల్లవాడు పది స్వింగులు వేశాడు. పది గుంటలూ గీతకు జానెడు వెనకాలే. వాడికి నేను తల మాటే ఎత్తలేదు. "గుంటలు ఎక్కడున్నయో చూడు బిడ్డా" అన్నాను. చూశాడు, అర్థమైంది, కానీ మారలేదు. కళ్ళు మూసుకుని వినమన్నాను. వెనక తగిలినప్పుడు ఇసుక దబ్బుమంటుంది, సరిగా తగిలితే సర్రుమని కోసుకుపోతుంది. తేడా పట్టాడు, రెండుసార్లు కుదిరింది. ఆఖరికి వాడి ముందరి మడమ కింద ఒక చెప్పు పెట్టి, స్వింగు అయ్యేసరికి దాన్ని నలిపెయ్యమన్నాను. తర్వాతి ఆరు గుంటల్లో ఐదు గీత మీద మొదలై ముందుకు సాగాయి. అదే ఇసుక, అదే గీత, మూడు తలుపులు.

చెప్పాను అన్నానే గానీ ఎప్పుడూ ఒక్క మాటే చెప్పాను. ఆ మాటను వీలైనంతవరకు ఒంటి మీద కాకుండా క్లబ్బు మీదో, ఇసుక మీదో పెడతాను. 1999లో గాబ్రియెల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం గోల్ఫ్ రాని విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, చేతుల ఊపు మీద ధ్యాస పెట్టినవాళ్ళ కంటే క్లబ్బు ఊపు మీద పెట్టినవాళ్ళే గురికి దగ్గరగా కొట్టారు. "మోచెయ్యి వంచకు" అనేకంటే "క్లబ్బు బరువును ఊగనీ" అనడం నాకు ఇందుకే ఇష్టం.

గ్రిప్, అంటే క్లబ్బును పట్టుకునే తీరు, గురించి అడిగినవాళ్ళకు: చిన్నపిల్లలకు పది వేళ్ళూ కర్ర మీద ఉండే పట్టే చాలు.

ఈ వారం సాధన నేర్పేవాళ్ళకే, కొత్తగా నేర్చుకునేవాళ్ళ ఇబ్బంది మనకూ తెలియాలి కదా. కుడిచేతి వాటమైతే ఎడమచేతి వాటంవాళ్ళలా నిలబడండి, క్లబ్బు మొన కిందికి వచ్చేలా తిప్పి పట్టుకోండి. అదే ఇసుకలో, అదే గీత మీద, రోజుకు వంద స్వింగులు, ఏడు రోజులు. గుంటలు లెక్కపెట్టి రాసుకోండి. ఆరో రోజున ఇంట్లో ఎవరినైనా పక్కన నిలబెట్టి, ప్రతి స్వింగుకూ "తల లేపినవ్" అనమనండి. ఆ రోజు లెక్క విడిగా రాయండి.

వచ్చే పాఠానికి కొత్తవాడ షత్రంజీ (వరంగల్ కొత్తవాడలో నేసే జంఖానా) ఒకటి, మూతి సుమారు 108 మిల్లీమీటర్లుండే గిన్నె ఒకటి సిద్ధం చేసుకోండి. గోల్ఫ్ హోల్ కొలత అదే. షత్రంజీని నేతకు ఏ వైపు పరవాలో అప్పుడు చెప్తాను.