కొరియన్ డ్రామాలోలా మనసు విప్పే సీను: తిరుపతిలో ఫోనుతో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకు

కొరియన్ ప్రేమ డ్రామా చూసి అలాంటి సీను తీయాలని కూర్చున్నవాళ్లు చాలామంది వాన, గొడుగు, స్లో మోషన్, పియానో దగ్గర మొదలుపెడతారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఆ డ్రామాల్లో మనల్ని కుదిపేది ఏడుపు ఆపుకోవడానికి మనిషి పడే అవస్థ. అందుకే ముందు తేల్చాల్సింది ఒకటే: ఈ మనిషి ఏం దాస్తున్నాడు, ఏం చేసి దాస్తున్నాడు?

ఒక్కో పాత్రకు నాలుగు వాక్యాలు రాసుకోండి. ఏం కావాలి, దేనికి భయం, ఆ భయాన్ని ఏ పని చేసి కప్పుకుంటాడు, ఎవరి ముందు ఆ పని సాగదు. మూడో వాక్యంలో గుణం రాయకూడదు, పని రాయాలి. ‘మొండివాడు’ అని రాస్తే నటుడికి చేయడానికేమీ దొరకదు. 2020లో వచ్చిన ‘ఇట్స్ ఓకే టు నాట్ బి ఓకే’ చూడండి. కిమ్ సూ హ్యూన్ వేసిన గాంగ్ తే మానసిక వైద్యశాలలో కేర్‌టేకర్. ఆటిజం ఉన్న అన్నను సాకుతూ తన కోపాన్నీ అలసటనూ నవ్వు కింద తొక్కిపెడతాడు. సో యే జీ వేసిన మున్ యంగ్ పిల్లల కథలు రాస్తుంది. పొగరూ ఆర్భాటమైన బట్టలూ ఆమెకు అడ్డుగోడ. తల్లి పట్టు తెంచుకోవాలనుకున్నప్పుడు తన పొడవాటి జుట్టును తన చేత్తోనే కత్తిరించుకుంటుంది. ఆ కత్తెర పేజీడు డైలాగుల పని చేస్తుంది.

ఇప్పుడు మన ఊరి కథ. అబ్బాయిది చిత్తూరు వైపు పల్లె, ఇంట్లో తోతాపురి మామిడి తోట, దాని మీద అప్పు. తిరుపతిలో లాడ్జి కౌంటర్లో రాత్రి డ్యూటీ. అమ్మాయి నర్సు. అతనికి కావాల్సింది ఆమె పక్కన సమానంగా నిలబడటం. భయం, ఇంటి సంగతి తెలిస్తే జాలి పడుతుందని. కప్పుకునే పని, ఎక్కడికెళ్లినా బిల్లు తనే కట్టడం. ఆమె ముందు అది సాగదు, ఎందుకంటే ఆమె మొహం చూసి ఆకలి కనిపెట్టే మనిషి.

కొరియన్ డ్రామాకు మామూలుగా 16 ఎపిసోడ్లు, ఒక్కోటి గంటకు అటూ ఇటూ. గోడ మెల్లగా బీటలు వారడానికి వాళ్లకు బోలెడంత సమయం ఉంది. మీకు 10 నిమిషాలు, అంటే సుమారు 10 పేజీల స్క్రిప్టు. కాబట్టి రెండో నిమిషంలో ఒక బీట (టీ కొట్టు దగ్గర ఆమె కంటే ముందే చిల్లర తీస్తాడు), నాలుగో నిమిషంలో ఇంకోటి (తనకు మాత్రం టీ వద్దంటాడు), ఆరో నిమిషంలో మూడోది (ఫోన్‌పే చేస్తే బ్యాలెన్స్ లేదని వస్తుంది, ఫోను జేబులో పెట్టేసుకుంటాడు). ఎనిమిదో నిమిషంలో గోడ కూలాలి. మిగతా రెండు నిమిషాలూ ఆ మాట విన్న మనిషివి. చాలా షార్ట్ ఫిల్ములు ఇక్కడే దెబ్బతింటాయి. చెప్పేవాడు ఏడవగానే పేర్లు పడతాయి, విన్నామె ఏం చేసిందో మనకు తెలియదు.

కూలే చోట అసలు విషయం మాట్లాడించకండి.

“తిన్యారా?”
“ఆఁ.”
“ఏం తిన్యారు?”
అతను హెల్మెట్ పట్టీ సర్దుకుంటాడు.
“ఏం తిన్యావ్?”
“...నాయన తోట అమ్మేసినాడు.”

‘మీరు’ నుంచి ‘నువ్వు’లోకి ఆమె దిగిన చోటే అతను విరిగాడు. కొరియన్ డ్రామాల్లోనూ మర్యాద మాట వదిలి చనువు మాటలోకి వచ్చే క్షణాన్ని ఇలాగే దాచి ఉంచుతారు. సినిమా మొత్తంలో ఒక్కసారే వాడండి. మొదటి సీను నుంచీ నువ్వు అనిపించేస్తే ఈ అస్త్రం పోయినట్టే. పాత డ్రామాల్లో హీరో మణికట్టు పట్టి లాక్కెళ్లడం కనిపిస్తుంది. దాన్ని మాత్రం తెచ్చుకోవద్దు. రెండడుగుల దూరంలో ఆగి, ఆమె జవాబు కోసం నిలబడ్డ మగవాడే తెర మీద ఎక్కువ నలుగుతాడు.

నటన సంగతి. గ్లిజరిన్‌తో మొదలుపెడితే కళ్లు తడుస్తాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంటుంది. చూసేవాడు పట్టేస్తాడు. దానికి బదులు నటుణ్ని ఊపిరి పూర్తిగా వదలమనండి. రెండు అంకెలు లెక్కపెట్టి, మిగిలిన ఆ కాస్త గాలితోనే డైలాగు చెప్పమనండి. మాట దానంతటదే సన్నబడి చివర తెగుతుంది. చేతికి ఏదో ఒక పని ఉండాలి: పట్టీ, టీ గ్లాసు, తాళాల గుత్తి. చూపు ముందు ఆ వస్తువు మీద, చివరి మాటకే మనిషి మీద. కన్నీరు వస్తే తుడుచుకోబోయి ఆగమనండి. సొంత ఇంట్లో జరిగిన చావునో బాధనో తలుచుకోమని ఎవరినీ ఒత్తిడి చేయకండి. అది మనిషికి హాని, పైగా రెండో టేకుకు పనిచేయదు. పాత్ర పరిస్థితి చాలు. ఏడుపు క్లోజప్ అన్నిటికంటే ముందు తీయండి, మూడు టేకులకు మించవద్దు, తర్వాత నీళ్లిచ్చి పది నిమిషాలు వదిలేయండి. కెమెరా వెనక నిలబడ్డ రెండో నటి కూడా పూర్తిగా నటించాలి. ఫోను చూసుకుంటూ డైలాగు అందిస్తే ఎదుటివాడి కళ్లు ఖాళీగా పడతాయి.

ఫోనును మొహానికి దగ్గరగా పెట్టి మామూలు లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బినట్టు కనిపిస్తుంది. 2x లెన్స్ పెట్టి మీటరున్నర వెనక్కి రండి, ఎత్తు కంటికి సమానంగా ఉండాలి. తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి. లేకపోతే తల కదిలినప్పుడల్లా మొహం తెల్లబడి నల్లబడుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైటు కింద సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ వేగం 1/50 సెకను పెట్టండి, లేదంటే తెర మినుకుమంటుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద ఉండాలి. ఫ్యాను ఆపి, అందరినీ ఊరకుండమని, 30 సెకన్లు ఖాళీ గది శబ్దం రికార్డు చేసుకోండి. ఎడిటింగులో మౌనాలన్నీ దానితోనే అతుకుతాయి.

చోటు విషయంలో ఆశ తగ్గించుకోవాలి. తిరుమలలో, ఆలయ పరిసరాల్లో చిత్రీకరణ ఆలోచనే వద్దు. చంద్రగిరి కోట పురావస్తు శాఖ రక్షణలో ఉంది, ముందుగా అనుమతి తీసుకోవాలి. బస్టాండులో హారన్లు డైలాగును మింగేస్తాయి. ఈ సీనుకు మేడ మీద సాయంత్రం, లేదా కిటికీ పక్కన ఒక కుర్చీ సరిపోతుంది. వెలుగు పక్క నుంచి పడి మొహంలో సగం నీడలో ఉండాలి.

కూర్చేటప్పుడు చివరి మాట తర్వాత రెండు మూడు సెకన్లు కత్తిరించకుండా ఆగి, అప్పుడు విన్నామె మొహానికి వెళ్లండి. సంగీతం ఆ మొహం మీద మొదలవ్వాలి. మాటకు ముందే పియానో వస్తే ఏడవబోతున్నారని ముందే చెప్పేసినట్టు. ఒకే చూపును మూడు కోణాల్లో మళ్లీ మళ్లీ చూపించవద్దు. అయిపోయాక కథ తెలియని ఇద్దరికి శబ్దం తీసేసి చూపించండి. ఎవరు ఏదో దాస్తున్నారో, ఎక్కడ దాచలేకపోయారో వాళ్లు చెప్పలేకపోతే, డైలాగుల జోలికి పోకుండా ఆ హెల్మెట్ పట్టీ షాటు మళ్లీ తీయండి.