రాక్ కచేరీకి పట్నం పోతున్నారా? ముందు తిరుగుదారి చూసుకోండి

అక్టోబరు దాటి వానలు వెనక్కి తగ్గాయంటే మన పట్నం హైదరాబాద్‌లో మైదానాల్లో కచేరీల కాలం మొదలైనట్టే. మార్చి దాకా ఏదో ఒక శనివారం ఏదో ఒక బ్యాండ్ వస్తూనే ఉంటుంది. నల్లగొండలో, మిర్యాలగూడలో, పాలమూరులో, వనపర్తిలో ఉంటూ ఏళ్ల తరబడి ఇయర్‌ఫోన్లలోనే విన్న బ్యాండ్‌ను ఒక్కసారి కళ్లారా చూడాలని డబ్బులు కూడబెట్టుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు నాకు చాలామంది తెలుసు. నేనూ అట్లా ఎదురుచూసినవాణ్ణే. డిగ్రీ హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న తన ఫోన్‌లో ఇండియన్ ఓషన్ పాటలు వినిపించిన రాత్రి ఇంకా గుర్తుంది. 1990లో ఢిల్లీలో మొదలైన బ్యాండ్ అది. మాటలు అర్థం కాకపోయినా ఆ దరువు మా ఊరి డప్పులాగే గుండెల్లో పడింది. వాళ్లను ఎదురుగా చూడటానికి నాకు ఆరేళ్లు పట్టింది.

ఆ రోజు పాట అయిపోయాక జరిగింది కూడా అంతే గుర్తుంది. మైదానం నుంచి బయటపడేసరికి పదిన్నర. ఫోన్‌లో ఛార్జింగ్ లేదు, క్యాబ్ దొరకలేదు. ఎట్లనో అట్ల ఎల్బీనగర్ చేరేసరికి ఒంటిగంట దాటింది. నల్లగొండ బస్సు లేదు. మూసి ఉన్న ఒక దుకాణం మెట్ల మీద తెల్లవారుజాము దాకా కూర్చున్నాం. చెవుల్లో గుయ్యిమని మోత. అది మూడు రోజులు తగ్గలేదు. ఆ రెండు తప్పులూ మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

తిరుగుదారి

టికెట్ కొనక ముందే కచేరీ ఎక్కడో చూడండి. హైదరాబాద్ అని రాసి ఉంటే సరిపోదు. రామోజీ ఫిల్మ్ సిటీలో అయితే నల్లగొండ, సూర్యాపేట వాళ్లకు మేలు, విజయవాడ రోడ్డు మీదే కాబట్టి పట్నంలోకి పోనవసరమే లేదు. శంషాబాద్ విమానాశ్రయం పక్కన జీఎంఆర్ అరీనాలో అయితే పాలమూరు, జడ్చర్ల, షాద్‌నగర్ వాళ్లకు దగ్గర. గచ్చిబౌలి, మాదాపూర్ వైపు అయితే మనకందరికీ దూరమే. నల్లగొండ నుంచి పట్నానికి వంద కిలోమీటర్లు, పాలమూరు నుంచీ దాదాపు అంతే. కానీ గచ్చిబౌలి నుంచి ఎల్బీనగర్ దాకా పడే పాట్లు ఆ వంద కంటే ఎక్కువ.

మైదానాల్లో కచేరీలు మామూలుగా రాత్రి పదికి ఆపేస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతిస్తే 12 దాకా నడవొచ్చు, అదీ ఏడాదికి 15 రోజులకు మించకుండా. అంటే ఎక్కువసార్లు పదికి అయిపోతుంది. అక్కడి నుంచే మీ లెక్క మొదలుపెట్టండి. వేల మంది ఒకేసారి లేస్తారు. గేటు దాటడానికే అరగంట, ముప్పావుగంట పడుతుంది. గచ్చిబౌలి నుంచి అయితే రాయదుర్గంలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, ఎల్బీనగర్‌లో దిగాలి. చివరి రైలు ఎన్నింటికో ఆ వారం మళ్లీ చూసుకోండి, ఆ సమయాలు మారుతుంటాయి. అది అందదు అనిపిస్తే చివరి రెండు పాటలు వదులుకోవాలి. మనసొప్పదు, నాకు తెలుసు. అందుకే నేనిప్పుడు ఆ బాధే పెట్టుకోను. రాత్రి అక్కడే ఉండేట్టు చూసుకుంటాను. చిన్నమ్మ ఇల్లో, స్నేహితుడి రూమో, ఏదీ లేకపోతే నలుగురు కలిసి తీసుకునే లాడ్జి గదో, ముందే మాట్లాడి పెట్టుకోండి. ఉదయం ఎల్బీనగర్‌లోనో ఎంజీబీఎస్‌లోనో మొదటి బస్సు ఎక్కితే టిఫిన్ వేళకు నల్లగొండలో ఉంటారు. పాలమూరు వాళ్లు ఆరాంఘర్‌లో ఎక్కొచ్చు. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం కాబట్టి ఆధార్ మర్చిపోవద్దు.

సొంత కారులో అదే రాత్రి తిరిగి వస్తామనేవాళ్లకు నా మాట కొంచెం గట్టిగానే చెబుతాను. నాలుగు గంటలు నిలబడి, అరిచి, ఎగిరి, అలసిపోయిన మనిషి అర్ధరాత్రి స్టీరింగ్ పట్టుకుంటే కన్ను మూతపడటానికి చౌటుప్పల్ దాకా కూడా పోనక్కర్లేదు. రాత్రి రెండు నుంచి ఐదు మధ్య ఒంటికి నిద్ర ముంచుకొస్తుంది, టీ తాగినా ఆగదు. డిసెంబరు, జనవరిలో చిట్యాల, నార్కట్‌పల్లి దగ్గర మంచు కమ్మిందంటే ముందు ఆగి ఉన్న లారీ కనబడదు. డ్రైవింగ్ చేసేవాడు ఒక్కడైనా కచేరీకి రాకుండా మధ్యాహ్నం నిద్రపోయి ఉండాలి, లేదా అందరూ ఉదయం దాకా ఆగాలి. ఔటర్ రింగు రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేటలో దిగితే పట్నం ట్రాఫిక్ తప్పుతుంది కానీ నిద్ర తప్పదు. బైకు మీద అసలు వద్దు. ఔటర్ మీదికి బైకులను రానివ్వరు కూడా.

ఇంకొకటి. సంక్రాంతికి ముందు శుక్ర, శనివారాల్లో కచేరీ ఉందంటే విజయవాడ రోడ్డును నమ్ముకోకండి. ఊర్లకు పోయే కార్లతో పంతంగి టోల్‌గేటు దగ్గర ఎంతసేపు నిలబడాలో ఎవరూ చెప్పలేరు. ఆ వారం రైలు చూసుకోవడం మేలు.

టికెట్

కచేరీ ప్రకటించినప్పుడు నిర్వాహకులు చెప్పిన యాప్‌లోనే కొనండి. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే ముంబై కచేరీ టికెట్లు నిమిషాల్లో అయిపోయి, ఆ తర్వాత వేరే సైట్లలో లక్షల్లో ధర పలికిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటప్పుడే ఇన్‌స్టాగ్రామ్‌లో "అన్నా, నా దగ్గర రెండున్నాయి" అంటూ వస్తారు. ఒకే క్యూఆర్ కోడ్‌ను పదిమందికి అమ్ముతారు. గేటు దగ్గర మొదట స్కాన్ చేయించుకున్నవాడే లోపలికి పోతాడు. అదే కారణంతో మీ టికెట్ ఫొటోను స్టేటస్‌లో పెట్టకండి. సంతోషం పంచుకోవాలంటే కోడ్ కనబడకుండా పెట్టండి.

చెవులు

దీని గురించి మన దగ్గర ఎవరూ మాట్లాడరు. పెళ్లి బరాత్‌లో డీజే బాక్సుల పక్కన పసిపిల్లలను ఎత్తుకొని నిలబడే జనం మనం. కచేరీకి వెళ్లేవాళ్లయినా తెలుసుకోవాలి.

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 88 అయితే 4 గంటలు, 91 అయితే 2 గంటలు. 100 దగ్గరికి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే. రాక్ కచేరీలో స్టేజీకి దగ్గరగా మోత 100 దాటడం మామూలే, కచేరీ మాత్రం రెండు, మూడు గంటలు నడుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2022లో ఇలాంటి చోట్ల పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించకూడదని చెప్పింది. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని రోమ కణాలు ఉంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. మరుసటి రోజు చెవి మామూలుగా వినబడినట్టే ఉంటుంది కానీ ప్రతిసారీ కొన్ని పోతూనే ఉంటాయి. నలభై ఏళ్లు వచ్చాక గుంపులో పక్కవాడి మాట అర్థం కానప్పుడు తెలుస్తుంది.

మందు ఒక్కటే, ఇయర్‌ప్లగ్‌లు. మెత్తటి ఫోమ్‌వి మెడికల్ షాపులో తక్కువ ధరకే దొరుకుతాయి. పెట్టుకునే పద్ధతి ముఖ్యం. ప్లగ్‌ను వేళ్ల మధ్య సన్నగా నులమాలి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగాలి. అప్పుడు ప్లగ్‌ను లోపలికి జొనిపి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో ఆపి ఉంచాలి. ఊరికే చెవి మీద ఆనిస్తే పనిచేయదు. దూది అసలే పనిచేయదు. పాట చెడిపోతుందేమో అని భయపడకండి. కాస్త ఎక్కువ ఖర్చు పెట్టగలిగితే సంగీతం వినేవాళ్ల కోసమే చేసిన ప్లగ్‌లు ఉన్నాయి, అవి మోతను తగ్గిస్తాయి కానీ గిటారు స్పష్టతను చంపవు. నేను వాటితో విన్నప్పుడే ఇండియన్ ఓషన్ రాహుల్ రామ్ బేస్ గిటారు ఒక్కో మీటు విడివిడిగా వినబడింది. స్పీకర్ల దొంతరకు ఎదురుగా నిలబడకండి. సౌండ్ ఇంజనీరు కూర్చునే గుడారం మైదానం మధ్యలో ఉంటుంది. ఆయన తన చెవులతో అక్కడి నుంచే అంతా సరిచేస్తాడు కాబట్టి, ఆ పక్కన నిలబడితే పాట అన్నిటికంటే బాగా వినబడుతుంది. మధ్యమధ్యలో పది నిమిషాలు వెనక్కి పోయి చెవులకు విశ్రాంతి ఇవ్వండి.

గుంపు

చెరువుగట్టు జాతరలో, పెద్దగట్టులో, కురుమూర్తిలో తిరిగినవాళ్లం, గుంపు మనకు కొత్తా అనిపించవచ్చు. తేడా ఉంది. జాతరలో జనం కదులుతూ ఉంటారు, దర్శనం అయినవాళ్లు బయటికి పోతూ ఉంటారు. కచేరీలో అందరి చూపూ ఒకే స్టేజీ మీద, అందరి తోపూ ఒకే వైపు, బయటికి పోయేవాళ్లు ఎవరూ ఉండరు.

ప్రాణాలు పోయేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి గేటు. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో ద హూ బ్యాండ్ కచేరీకి తలుపులు కొన్నే తెరిచారు. లోపల వాద్యాలు సరిచూసుకునే చప్పుడు విని పాట మొదలైందనుకొని బయటివాళ్లు తోసుకున్నారు. 11 మంది చనిపోయారు. రెండోది స్టేజీ ముందు. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డేలో పెర్ల్ జామ్ పాడుతుండగా ముందు వరుసల్లో నలిగి 9 మంది పోయారు. మన దేశంలోనూ 2023 నవంబరు 25న కొచ్చిలో ఒక విశ్వవిద్యాలయంలో పాట కచేరీకి ముందు వాన పడటంతో జనం ఒక్కసారిగా మెట్ల మీదికి ఎగబడి నలుగురు చనిపోయారు. తొక్కిసలాట అంటాం కానీ చాలామంది కాళ్ల కింద పడి చనిపోరు. నిలబడిన చోటే నాలుగు వైపులా ఒత్తుకుపోయి, ఛాతీ విప్పారక, ఊపిరి అందక పోతారు.

అందుకే గేటు తెరిచిన వెంటనే పరుగెత్తకండి. తొందరగా పోవాలంటే పొద్దున్నే పోండి, లేదా మొదటి హడావుడి తగ్గాక పోండి. లోపలికి పోగానే మీరు వచ్చిన గేటు కాకుండా ఇంకో దారి ఎక్కడుందో చూసి పెట్టుకోండి. చుట్టూ ఉన్నవాళ్ల భుజాలు మీ భుజాలకు తగులుతూ, చేయి పైకెత్తి ముఖం తుడుచుకోవడం కష్టమైతే, పాట ఎంత ఇష్టమైనదైనా అప్పుడే బయటికి జరగాలి. మీ కాళ్ల మీద కాకుండా గుంపు ఊపులో కదులుతున్నారంటే ఆలస్యమైనట్టే. అప్పుడు రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు అడ్డంగా పెట్టుకోండి, ఊపిరికి కాస్త జాగా ఉంటుంది. గుంపుకు ఎదురు తొయ్యకండి. అల వచ్చినప్పుడు దానితో పోయి, అది ఆగిన క్షణంలో ఏటవాలుగా పక్కకు రెండడుగులు వేయండి. మళ్లీ అల, మళ్లీ రెండడుగులు. ఫోన్ కింద పడితే వంగకండి. పోతే పోయింది. పక్కన ఎవరైనా పడితే చుట్టూ ఉన్నవాళ్లంతా చేతులెత్తి అరవండి. స్టేజీ మీదివాళ్లకు కనబడితే పాట ఆపుతారు.

మిగతా మాటలు

నీళ్ల సీసాలు, పెద్ద సంచులు చాలాచోట్ల లోపలికి రానివ్వరు. కాబట్టి సాయంత్రం కడుపునిండా తిని, నీళ్లు తాగి పోండి. చిన్న పవర్‌బ్యాంకు రానిస్తారేమో ముందే కనుక్కోండి. జనం ఎక్కువైతే ఫోన్ సిగ్నల్ అందదు, యాప్ తెరుచుకోదు. టికెట్‌ను ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి, ఐదొందలు నోట్లుగా జేబులో ఉంచుకోండి, విడిపోతే కలవాల్సిన చోటు ముందే అనుకోండి. "గేటు దగ్గర" అంటే కుదరదు, గేట్లు నాలుగుంటాయి. "రెండో గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టు" అనుకోవాలి. బూట్లు వేసుకోండి, చెప్పులు వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకోండి, స్టేజీ మీది పొగ ముందు వరుసల దాకా వస్తుంది. మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి గానీ పోవద్దు, వేగంగా మిణికే లైట్లు కొందరికి ఫిట్స్ తెప్పిస్తాయి.

చెల్లెళ్లకు ఒక మాట. ఇంట్లో అబద్ధం చెప్పి పోకండి. పంపరేమో అనే భయం నాకు అర్థమవుతుంది. అయినా ఎక్కడున్నారో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి, అమ్మకు కాకపోతే అక్కకో వదినకో చెప్పండి. క్యాబ్ ఎక్కితే లొకేషన్ పంపండి, తెలంగాణ పోలీసుల టి-సేఫ్ సేవ కూడా అందుకే ఉంది. ఆపదలో 112. మీ చేతిలోని గ్లాసు పక్కన పెట్టి పోయి, మళ్లీ వచ్చి అదే తాగకండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట, పిల్లలు చెప్పినప్పుడు ముందు ఎవరితో పోతున్నారు, రాత్రి ఎక్కడ ఉంటారు అని అడగండి. వద్దంటే వాళ్లు పోవడం మానరు, మీకు చెప్పడం మానేస్తారు.

తిరిగొచ్చిన మరుసటి రోజు ఇయర్‌ఫోన్లు పెట్టుకోకండి, ఎంత మనసైనా సరే. మోత సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోయినట్టు అనిపించినా, నల్లగొండలోనో పాలమూరులోనో ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి ఆ రోజే వెళ్లండి. చెవిలో నూనె పోయడాలు, వారం చూద్దాం అనుకోవడాలు వద్దు. ఉన్నట్టుండి వినికిడి తగ్గినప్పుడు ఇచ్చే మందు మొదటి కొద్ది రోజుల్లోనే బాగా పనిచేస్తుంది.